పూడ్చిన గాడి

దావా వేసిన బీదవాళ్ళకు వకీలు లేకపోతే కోర్టే ఒకణ్ణి ఇవ్వవచ్చునని డెబ్బైల చివర్లో చట్టంలోకి కొత్తగా వచ్చింది. అప్పటికి సంగారెడ్డి మున్సిఫ్ కోర్టులో అందరికంటే ఖాళీగా ఉన్న వకీలును నేనే. అంతకు మించిన అర్హత నాకేమీ లేదు. వరండాలో చివరి బెంచీ మీద కూర్చుని పాత పేపరు రెండోసారి చదువుతుంటే బంట్రోతు వచ్చి లోపలికి పిలిచాడు. మున్సిఫ్ గారు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "ఇకనుంచి ఈవిడ తరఫున మీరు హాజరవుతారు" అన్నారు.

ఆవిడ వకీళ్ళ బల్ల దగ్గరే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, పొడుగు, చంకలో కాగితాల మూట. నన్ను నెత్తి నుంచి బూట్ల దాకా ఒకసారి చూసి మళ్ళీ జడ్జీ వైపు తిరిగింది.

"నేనేమన్న వకీలు కావాలని అడిగిన్నా సారూ? రెండేండ్ల సంది నేనే మాట్లాడుతున్న గద. ఇప్పుడు నడిమిట్ల గీ పిలగాడెందుకు?"

కోర్టు హాలంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను గానీ ఒళ్ళు మండిపోయింది. మాది కృష్ణాజిల్లా. పటాన్‌చెరు దారిలో ఉన్న పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి మా నాన్న అరవైల్లో ఇక్కడికి వచ్చేశాడు. క్వార్టర్స్‌లో చుట్టుపక్కల వాళ్ళ పిల్లలంతా ఇంజనీర్లవుతుంటే నేను లా చదివి, ఎర్రబస్సులో రోజూ సంగారెడ్డి వచ్చి, ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళేవాణ్ణి. ఆఖరికి ఒక కేసు దొరికిందనుకుంటే ఆ కేసుగల మనిషే నన్ను వద్దంటోంది.

కేసు చిన్నదే. పటాన్‌చెరు అవతల, భానూరు వైపు పోయే దారిలో ఆవిడ ఊరు. ఊరికీ ఆవిడ ఎకరన్నర చెలకకూ మధ్య ఒక బండ్లబాట. రెండేళ్ళ కింద ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ వచ్చి, ఆ బాటకు అడ్డంగా గోడ కట్టేసింది. మనిషి వాగులో దిగి, చుట్టూ తిరిగి ఎలాగో పోవచ్చు. బండి పోలేదు. బండి పోకపోతే ఎరువు పోదు, నాగలి పోదు, పండిన జొన్న ఇంటికి రాదు. ఆవిడ రెండేళ్ళూ గంపలకొద్దీ పేడ నెత్తిన పెట్టుకుని వాగు దాటింది. అలా ఎంతకాలం? ఆ చెలకనూ తమకే ఇచ్చెయ్యమని ఫ్యాక్టరీ వాళ్ళు కబురు మీద కబురు పెడుతున్నారు. కేసు పోతే ఆవిడ చెలక పోయినట్టే. పెనిమిటి పోయాక ఆవిడకు మిగిలింది అదొక్కటే.

ఆ రోజే చెప్పింది నాకు, కోర్టు బయట వేపచెట్టు కింద. "బండి పోని భూమి భూమి గాదు సాబ్. దూరం నుంచి చూసుకుంట కూసోనీకె అదేమన్న పటమా?"

ఇంత చక్కగా మాట్లాడే మనిషితో పని సులువనుకున్నాను. నా తెలివి అంతే.

మొట్టమొదట, వకీలునిచ్చే ఏర్పాటు బీదవాళ్ళకే కాబట్టి, ఆవిడ బీదదేనని కాగితాల్లో ఎక్కడా తేడా లేకుండా చూసుకోవాలి. భూమి ఇంకా ఎప్పుడో పోయిన మామగారి పేరుమీదే ఉంది, ఆవిడ పేరున గజం నేల లేదు. అటువైపు వకీలు లేచి, "నీకు ఆస్తి ఏమీ లేదా?" అని అడిగితే "లేదు" అంటే చాలు. ఆవిడ కొంగు నడుముకు చుట్టి, "ఎందుకు లేదు? నాకేం తక్కువ? ఎడ్లున్నయి, బండున్నది, చెలకున్నది, బాయి ఉన్నది. నేనెవ్వల ఇంటి ముందట చెయ్యి చాపలె" అంది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎడ్లూ బండీ రైతు పనిముట్ల కింద లెక్క, అవి ఆస్తిలోకి రావని మున్సిఫ్ గారే ఏదో విధంగా సర్దారు. బయటికి వచ్చాక, "అందరి ముందట నన్ను బికారిని చేద్దామని చూసినవ్" అని నా మీదే అలిగి, నాలుగు రోజులు మాట్లాడలేదు.

రెండోది ఇంకా గొప్పది. అటువైపు వకీలు పాతకాలం మనిషి, షేర్వాణీ వేసుకుని వచ్చే సీనియర్. ఉర్దూలో కోర్టు నడిచిన రోజుల నుంచీ ఉన్నాడు. ఒక ఆదివారం ఈవిడ గంపెడు సీతాఫలాలు తీసుకుని నేరుగా ఆయన ఇంటికే వెళ్ళింది. ఎందుకయ్యా అంటే, కోర్టు తనకిచ్చిన పిలగాడు మంచివాడో కాదో కనుక్కోవడానికి.

"నీ మీద కేసు వాదించే ఆయన్నే పోయి అడిగావా పెద్దమ్మా?" అన్నాను, నా గొంతు నాకే కీచుగా వినబడింది.

"ఇంకెవలనడగాలె? ఆయన పెద్దమనిషి. సంగారెడ్డిల వకీళ్ళందరి సంగతి ఆయనకే ఎరుక."

"ఏమన్నాడు మరి?"

"పిలగాడు మంచోడే, జెర జల్దీ ఎక్కువ అన్నడు."

ఆ మరుసటి వాయిదాలో ఆ పెద్దమనిషి నన్ను చూసి, "సీతాఫలాలు చాలా తియ్యగా ఉన్నయి భాయ్" అన్నాడు. నేను తలవంచుకుని ఫైలు వెతుక్కున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరూ అడ్డు చెప్పకుండా బండ్లు నడిచిన బాట అని మేము రుజువు చెయ్యాలి. సాక్షులు దొరకరు. ఊళ్ళో సగం ఇళ్ళలో ఒక్కడైనా ఆ ఫ్యాక్టరీలోనే పనికి చేరాడు, ఎవరొచ్చి బోనెక్కుతారు? కాగితాల్లో బాట ఎక్కడా గీసి లేదు. మిగిలింది నేల ఒక్కటే. "గుంతలున్నయి సాబ్, బండి గీరలు తిరిగి తిరిగి పడ్డ గాడి. మా మామ కాలం సంది ఉన్నది" అంది ఆవిడ. అయితే ఇంకేం, కోర్టు తరఫున ఒక మనిషి వచ్చి ఆ గాడి చూసి రాసుకుపోతే చాలనుకుని అర్జీ పెట్టాను. కోర్టు కమిషనర్‌ను వేసింది. కమిషనర్ అంటే అధికారేమీ కాదు, నాలాంటి ఒక వకీలే. వెళ్ళి, చూసి, చూసింది రాసి కోర్టుకివ్వడం ఆయన పని. ఫలానా రోజు కమిషనర్ గారు మీ బాట చూడటానికి వస్తున్నారని ఆవిడకు కార్డు రాసి పడేశాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అప్పటిదాకా నేను ఆ బాట చూడలేదు. ఊరకే వచ్చిన కేసు, బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి, వెళ్దాంలే వెళ్దాంలే అనుకుంటూ వెళ్ళలేదు. చూడటం కమిషనర్ పని, వాదించడం నా పని అని సరిపెట్టుకున్నాను. ఆ రోజు కూడా కమిషనర్ వెంట వెళ్ళాల్సి వచ్చింది కాబట్టి వెళ్ళాను.

ఊరి చివర మలుపు తిరిగామో లేదో నా కాళ్ళు ఆగిపోయాయి. గోడ దాకా ముప్ఫై నలభై అడుగుల మేర నేలంతా నున్నగా, సమంగా, పెళ్ళివారి వాకిలిలా ఉంది. ఎర్రమన్ను పోసి దిమ్మిసతో కొట్టారు. దానిమీద పేడతో అలికారు. అలికినదాని మీద కళ్ళాపి చల్లి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి చుక్కల ముగ్గు. ఆ ముగ్గు పక్కన కొత్తచీర కట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని, మా పెద్దమ్మ నిలబడి ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"కమిషనర్ సాబ్ వస్తుండు గద. గుంతలు గుంతలు ఉంటె ఆయన బూట్లు ఖరాబ్ గావా? మూడొద్దులు పట్టింది బిడ్డా. ఇద్దరు కూలోళ్ళను పెట్టిన."

పెద్దవాళ్ళు వస్తే ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వెయ్యడం ఆ ఊళ్ళో మర్యాద. కలెక్టర్ వచ్చినా అంతే, మశూచి టీకాల వాళ్ళు వచ్చినా అంతే. కాని ఆ గుంతల్ని చూపించడానికే కదా మేము ఆయన్ని రప్పించింది! కమిషనర్ ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, గోడకు అవతల ఫ్యాక్టరీ ఆవరణలో పరిచిన కంకర కూడా చూసి, కాగితం మీద రాసుకున్నాడు. "బండ్లు నడిచిన జాడ ఏదీ కనబడలేదు." ఉన్నది ఉన్నట్టు రాశాడు, ఆయన తప్పేముంది?

ఆయన వెళ్ళిపోయాక నేను ఆవిడ మీద అరిచాను. రోడ్డు మీద నిలబడి, మా అమ్మ వయసున్న మనిషి మీద, నోటికొచ్చినట్టు అరిచాను. నీ కేసు నువ్వే చంపుకున్నావు, నీ నోటికాడి కూడు నువ్వే మట్టిలో పూడ్చుకున్నావు అన్నాను. ఆవిడ చెంబు పట్టుకుని అంతా వింది. చివరికి నెమ్మదిగా, "ముందుగాల చెప్పొద్దా మరి?" అంది. నేను బస్సుకు టైమవుతోందని నడిచి వచ్చేశాను.

ఆవిడ సాక్ష్యం ముందురోజు నా గదిలో కూర్చోబెట్టి నూరిపోశాను. "అడిగినదానికే జవాబు చెప్పు. అడగనిది చెప్పకు. తెలియకపోతే తెలియదు అను. ఇక ఆ గుంతలు పూడ్చిన మాట మాత్రం ఎత్తకు. ఎత్తావో, చేతిలో ఉన్న సాక్ష్యాన్ని నువ్వే చెరిపేశావంటారు. గాడి ఏమైందని అడిగితే వానలకు పూడిపోయింది అను."

"వానకు గుంత పడ్తది గని పూడ్తదా సాబ్?"

"నేను చెప్పింది అను!" అన్నాను బల్ల మీద కొట్టి.

"సరె తియ్యి" అంది.

మర్నాడు బోనెక్కింది. నేను అడిగినవాటికి బాగానే చెప్పింది. మామ కాలం నుంచి బండ్లు నడిచాయని, ఎవరూ కాదనలేదని. తర్వాత సీనియర్ గారు షేర్వాణీ సర్దుకుని లేచారు. పెద్దగా ఏమీ అడగలేదు ఆయన. అనుభవం ఉన్నవాడు ఎక్కువ అడగడు.

"కమిషనర్ సాబ్ వచ్చిననాడు అక్కడ బండి జాడ ఉన్నదా అమ్మా?"

"లేదు సాబ్."

"గుంత గని గాడి గని ఏమన్న ఉన్నదా?"

"లేదు."

ఆయన చిన్నగా నవ్వి, కూర్చోబోయారు. అయిపోయింది, కేసు పోయింది అనుకున్నాను. కనీసం గుట్టయినా దక్కింది. ఆవిడ మాత్రం బోను దిగలేదు. చెయ్యి కటకటాల మీద వేసి, ఇంకా లోపల మాట మిగిలిన మనిషిలాగా నిలబడింది.

"ఎట్ల ఉంటది సాబ్? నేనే పూడ్చిన గద."

నేను దగ్గాను. గట్టిగా దగ్గాను. ఆవిడ నా వైపు చూసి, అదే గొంతుతో జడ్జీకి చెప్పింది: "కమిషనర్ సాబ్ వస్తుండని మూడొద్దులు పూడ్చి అలికిన సారూ. మా వకీల్ సాబ్ గీ ముచ్చట చెప్పొద్దన్నడు. వానకు పూడిందని చెప్పుమన్నడు. గని అబద్ధమెందుకు? లేని గుంతను ఎవలన్న పూడుస్తరా?"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. బంట్రోతు కూడా గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మున్సిఫ్ గారు నవ్వలేదు. రాస్తున్న కలం పక్కన పెట్టి నా వైపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చూపు ఇప్పటికీ మరచిపోలేదు.

తర్వాత ఆయన ఆవిడ వైపు తిరిగి ఒక్క ప్రశ్న అడిగారు. "నువ్వు పోసిన మన్ను కింద ఏముందమ్మా?"

"బండ సారూ. పరుపు బండ. దాని మీదనే గీరలు తిరిగి తిరిగి గాడి పడ్డది. ఇంత లోతు." వేళ్ళు చాపి చూపించింది.

బండ! నేను ఆర్నెల్లుగా ఆ మనిషిని ఎక్కిన బస్సు నుంచి తిన్న కూడు దాకా అన్నీ అడిగాను, ఆ నేల ఎలాంటిదని మాత్రం అడగలేదు. గాడి అంటే మట్టిలో పడ్డ గాడి అనుకున్నాను. పూడిస్తే పోయిందనే అనుకున్నాను. మట్టిలో గాడి ఒక్క వానకాలంలో పడుతుంది, పోతుంది. బండలో గాడి పడాలంటే తరాలు నడవాలి. దానికంటే సాక్ష్యం ఏ కోర్టుకైనా ఇంకేం కావాలి? ఆవిడకు అది సాక్ష్యమని తెలియదు. నాకు అది ఉందనే తెలియదు. మధ్యలో ఒక జడ్జీ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

కమిషనర్‌ను మళ్ళీ పంపారు, ఈసారి గడ్డపారలతో. వెళ్ళేముందు ఆవిడ నన్ను అడిగింది, నిజంగానే అనుమానంతో, "సాబ్, ఈసారి ఊడ్వాల్నా వద్దా?" అని. వద్దన్నాను. పాపం, ఆ రోజు ఆవిడ ఎంత ఇబ్బంది పడిందో! కమిషనర్ వస్తుంటే వాకిలి ఊడవకుండా నిలబడటం ఆవిడ వల్ల కాలేదు, ఉండబట్టలేక ఒక పక్కన చిన్న ముగ్గయినా పెట్టింది. కూలీలు పేడ పెచ్చులు, ఎర్రమన్ను తోడి పోశారు. కింద నల్లటి బండ. బండ మీద రెండు గాళ్ళు, బండి వెడల్పున, సూటిగా వెళ్ళి గోడ కింద దూరాయి. గోడ అవతల కంకర లాగించి చూస్తే మళ్ళీ అవే రెండు గాళ్ళు, ఆవిడ చెలక వైపు. నేను కూర్చుని ఒక గాడిలో చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు దాకా దిగింది. లోపలంతా నున్నగా అరిగి ఉంది.

తీర్పు మాకే వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు పై కోర్టుకు వెళ్తారనుకున్నాను, ఎందుకో వెళ్ళలేదు. తీర్పు అమలు చేసే కోర్టు ఆమీను వచ్చి గోడలో బండి పట్టేంత మేర కొట్టించే రోజు నేనూ వెళ్ళాను, ఈసారి నా అంతట నేనే. ఊరి మలుపు దగ్గర నుంచే కనబడింది. ఊడ్చి, సాన్పి చల్లి, గాళ్ళు పూడకుండా వాటికి రెండు పక్కలా ముగ్గు వేసింది.

"ఆమీన్ సాబ్ వస్తుండంటె ఊడ్వకుంట ఎట్లుంటది?" అంది, నేనేమీ అనకముందే.

గోడ రాళ్ళు పక్కకు లాగేశాక బండి కట్టింది. నన్నూ ఎక్కమంది. ఎండలో తెల్ల ప్యాంటుతో పేడ గంపల మధ్య కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఎక్కకపోతే ఊరుకునేలా లేదు. ఎక్కాను. రెండేళ్ళకు పైగా ఆ దారిన పోని ఎడ్లు గోడ సందు దాటాక తమంతట తామే సరిగ్గా జరిగాయి, గీరలు గాళ్ళలో పడి బండి కుదుపు తగ్గింది.

పగ్గాలు పట్టుకుని ముందుకు చూస్తూనే ఆవిడ అడిగింది. గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

"ఔ సాబ్, గా ముచ్చట చెప్పొద్దని ఎందుకన్నవ్?"

"అంటే పెద్దమ్మా..." అని మొదలుపెట్టాను. కోర్టులో ఎన్ని మాటలు నేర్చుకున్నానో అవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ పనికిరాలేదు.

"పూడ్చుడు తప్పా?"

"కాదు."

"మరి?"

బండి గాడిలోనే పోతోంది. ముందు ఆవిడ చెలక, బావి గట్టు కనబడుతున్నాయి. "నాకు తెలియక అన్నాను" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న జవాబు విన్నట్టు తలూపి, మళ్ళీ ఎడ్ల వైపు తిరిగింది.

"గట్ల చెప్పు. తెల్వకుంటె అడగాలె గద బిడ్డా."